అవతలి ఒడ్డు కోడలు

కాకినాడ నుంచి ఒక జట్టు వచ్చి, మన ఊరికి ఏ ప్రమాదం ఎటునుంచి వస్తుందో లెక్కగడతారని తెలిసినప్పుడు మా ఊళ్ళో మొదట పుట్టిన ప్రశ్న "ఎందుకట?" అని కాదు, "ఎవరు పంపేరట?" అని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. తొంభై ఆరు తుఫానుకి కూలిన కొబ్బరిచెట్ల చోట పెట్టిన మొక్కలు అప్పుడప్పుడే గెలలు వేస్తున్నాయి. అంతకుముందు ఓసారి తాటిపాక వైపు నుంచి గ్యాసు పనివాళ్ళు వచ్చి, తోటల్లోంచి తీగలు లాగి, చిన్న చిన్న జెండాలు పాతి వెళ్ళారు. ఆ జెండాల కింద ఏముందో వాళ్ళు చెప్పలేదు, మావాళ్ళు అడగలేదు. కానీ అప్పట్నుంచీ భుజాన సంచీ తగిలించుకుని ఊళ్ళోకి వచ్చిన ప్రతి మనిషీ మా భూమి లోపల ఏదో చూసిపోవడానికే వచ్చాడన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అందుకని ఆ జట్టుకి పెద్దగా వచ్చిన అమ్మాయికి మా పెదమావయ్యగారు కుర్చీ వేయించి, కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చి, ఎంతో మర్యాదగా, "మీరు గ్యాసోళ్ళాండి?" అని అడిగారు.

పెదమావయ్యగారంటే మా మావగారి అన్నగారు. వరదొస్తే ఏటిగట్టు కాపలాకి ఊరందరికీ ఆయనే పెద్ద.

"కాదండి," అందా అమ్మాయి. "తుఫానొచ్చినా వరదొచ్చినా మీ ఊళ్ళో ముందు దెబ్బ తినేది ఎక్కడో తెలుసుకుందామనండి. తెలిస్తే అక్కడ ముందుగా పని చేయించొచ్చు గదండీ."

"ఆయ్," అన్నారు పెదమావయ్యగారు. ఆయన అలా అంటే ఒప్పేసుకున్నారని కొత్తవాళ్ళు సంబరపడతారు. నేను అప్పటికి పదేళ్ళ పైబడి ఆ ఇంటి కోడలిగా ఉన్నదాన్ని కాబట్టి సంబరపడలేదు.

స్కూలు ఆవరణలో ఊరంతా చేరింది. ఊరి బొమ్మ నేల మీద ముగ్గుతో వేద్దామంది ఆ అమ్మాయి. కాగితం మీదైతే ఇద్దరు చూస్తారు, నేల మీదైతే అందరూ చూసి దిద్దొచ్చునట. ముగ్గు అనగానే మా డ్వాక్రా సంఘం ఆడవాళ్ళంతా నన్ను ముందుకి తోశారు. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ ముగ్గు విషయంలో ఆ ఊళ్ళో నాకు ఎదురులేదు. నీలంతో గోదారి పాయ వేశాను. తెల్లముగ్గుతో గట్టు వేశాను. తోటలు, చేలు, రామాలయం, దిగువన పేట, పేటలో చర్చి, స్కూలు, మా ఇల్లు అన్నీ పడ్డాయి. అక్కడితో ఆగచ్చు. చెయ్యి ఊరుకోక అవతలి ఒడ్డు కూడా మొదలెట్టేశాను. అవతలి గట్టు, రేవు మెట్లు, రేవు పక్కన ఇటికబట్టీ, గట్టు వంపు తిరిగే చోట మా నాన్నగారి కొబ్బరితోట. ఇవతలి ఒడ్డుకన్నా అదే వివరంగా వచ్చింది. నడుం పట్టుకుని లేచి చూద్దునుగదా, చుట్టూ మాటలన్నీ ఆగిపోయాయి.

"అవతలి ఒడ్డు మనకెందుకమ్మా?" అన్నారు పెదమావయ్యగారు నవ్వుతూనే. నేనూ నవ్వుతూనే కాలితో చెరిపేశాను.

తరవాత ఆ అమ్మాయి ఎర్రరంగు పొట్లం ఒకటి తీసింది. గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో, వరదలో ఎక్కడ ఊట పడుతుందో అక్కడ తలో చిటికెడు ఎరుపు వెయ్యమంది. పొట్లం చేతులు మారడం మొదలెట్టింది. ప్రతివాళ్ళూ దాన్ని ప్రసాదంలా రెండు చేతులా అందుకుని, అంతే భక్తిగా పక్కవాళ్ళకి అందించేశారు. ఊరంతా చుట్టి, విప్పకుండానే ఆ అమ్మాయి చేతికి తిరిగొచ్చింది.

"మా గట్టు రాయిలాంటిదండి," అన్నారు పెదమావయ్యగారు.

"అయితే వరదంటే మీకు భయమే లేదాండి?"

"గోదారంటే భయం లేదండి. ఆ ఒడ్డోళ్ళంటేనే భయం."

ఆ అమ్మాయి రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. మావాళ్ళంతా ఎంతో మర్యాదగా నేల చూపులు చూశారు. నా వైపు చూడకుండా ఉండటానికి వాళ్ళు పడ్డ అవస్థ నాకు స్పష్టంగా కనిపించింది.

తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. గోదారి పాయకి రెండు వైపులా గట్లుంటాయి. వరద నిండుగా వచ్చినప్పుడు ఒక గట్టుకి గండి పడితే నీళ్ళు అటు పోతాయి, రెండో ఒడ్డు బతికిపోతుంది. అందుకని అవతలివాళ్ళు పడవేసుకొచ్చి మన గట్టుని గునపాలతో తెగ్గొడతారని ఇవతలివాళ్ళ భయం. ఇవతలివాళ్ళు వస్తారని అవతలివాళ్ళ భయం. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరెయ్యగానే రెండు ఒడ్లలోనూ ఇంటికో మనిషి కర్రా టార్చిలైటూ పట్టుకుని గట్టెక్కుతాడు. దుంగలూ పాములూ కొట్టుకొచ్చే అంత వరదలో ఏ మానవుడు పడవేసుకుని గునపంతో వస్తాడని ఎవరూ అడగరు. పోనీ తెగ్గొట్టగా చూసినవాళ్ళున్నారా అంటే, అందరి తాతలూ చూశారు.

నేను పుట్టి పెరిగింది అప్పనపల్లి వైపు ఒడ్డున. అక్కడ గట్టు కాపలాకి పెద్ద మా నాన్నగారు. తొంభైల మొదట్లో నాకీ సంబంధం వచ్చినప్పుడు, "గట్టు తెగ్గొట్టే ఊరికా పిల్లనిచ్చేది?" అని మా నాయనమ్మ అలిగి అన్నం మానేసింది. తీరా పెళ్ళయి ఇటు వచ్చాక చూస్తే, గట్టు తెగ్గొట్టే ఊరి పిల్లని నేనే. ఎవరూ మొహం మీద అనలేదు. మా గోదారివాళ్ళం మొహం మీద ఏదీ అనం. కాపురానికొచ్చిన ఏడాది వరదలో, గట్టు మీద కాపలా ఉన్న మగవాళ్ళకి టీలూ ఉప్మా పట్టుకెళ్దామని నేను గిన్నె ఎత్తితే మా అత్తయ్యగారు చటుక్కున అందుకున్నారు.

"నువ్వొద్దమ్మా. గట్టంతా పాకుడుగా ఉంటాది, జారతావు."

మోకాళ్ళ నొప్పులతో ఆవిడ జారరు, ఇరవయ్యేళ్ళదాన్ని నేను జారతాను. ఎంత ముద్దుగా చూసుకుంటున్నారో అని మురిసిపోయి మా అమ్మకి కూడా చెప్పాను. ఆ పాకుడు అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కోడళ్ళ కాళ్ళ కిందే ఉంటుందని తెలియడానికి ఇంకా చాలా వరదలు రావలసి వచ్చింది.

మళ్ళీ స్కూలు ఆవరణలోకి వస్తాను. పెదమావయ్యగారు ఆ మాటన్న కాసేపటికే పక్కింటావిడ గబగబా వచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, మీ అత్తయ్యగారు రమ్మంటున్నారని చెప్పింది. పరిగెత్తుకెళ్ళాను. పాలు కాగి, చల్లారి, మూత కింద మీగడ కట్టి ఉన్నాయి.

"ఏవండీ అత్తయ్యగారూ, పొంగిపోతున్నాయన్నారు?"

"పొంగినట్టు వాసనొచ్చిందమ్మా," అన్నారావిడ, చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా.

నేను తిరిగి వెళ్ళేసరికి సభ ముగిసిపోయింది. ముగ్గు ఊడ్చేశారు. నేలమీద నీలం మరకలు తప్ప ఏమీ మిగల్లేదు. నేను లేనప్పుడు ఆ ఎర్ర పొట్లం విప్పారా, ఎక్కడ వేశారు? ఎవరిని అడిగినా, "ఏవుందమ్మా, ఊరికే మాటలు" అన్నారు. ఊరికే మాటలైతే నన్నెందుకు పంపించారు?

సాయంత్రం ఆ అమ్మాయి చేతులు కడుక్కోవడానికి మా ఇంటి బోరింగు దగ్గరికి వచ్చింది. నేను కొడుతుంటే చేతులు రుద్దుకుంటూ మెల్లిగా అడిగింది. "మీకు తెలుసాండి, గట్టు ఎక్కడ వీకో?"

"తెలీదండి," అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. నిజంగానే తెలీదు. ఊళ్ళో ఎవరి గేదె ఎప్పుడు ఈనిందో తెలుసు, ఇది మాత్రం తెలీదు.

"అవతలి ఊళ్ళోనూ ఇదే తంతండి. మొన్నక్కడ మీ ఊరి ఆడపడుచు ఒకావిడ కూర్చున్నారు. ఆవిడున్నంతసేపూ ఎవరూ నోరు విప్పలేదు. ఆవిణ్ణీ ఏదో పని మీద ఇంటికి పంపేరు."

"అయితే నేను వెళ్ళేక ఇక్కడ చెప్పేరాండి?"

"లేదండి. మేం ఆ ఊరు కూడా తిరుగుతున్నామని తెలిసిపోయింది గదా. మాకు చెప్తే అక్కడికి చేరుతుందని." ఆ అమ్మాయి నవ్వబోయి మానేసింది. "వరద గురించి రాసుకుందామని వచ్చేనండి. రెండూళ్ళలోనూ మనుషుల గురించే చెప్పేరు."

చివరికి వాళ్ళ లెక్క ప్రకారం మా ఊరి గట్టూ, అవతలి మా పుట్టింటి గట్టూ రెండూ నిక్షేపంలా ఉన్నాయని తేలింది. మరుసటి ఎండాకాలం గట్టు పనికి ఎర్రమట్టి లారీలు మా ఊళ్ళోంచే వేరే ఊళ్ళకి వెళ్ళాయి. మావాళ్ళు రోడ్డు పక్కన నిలబడి పందెం గెలిచినవాళ్ళలా వాటిని సాగనంపారు.

నాకు మాత్రం అప్పట్నుంచీ నిద్ర సుఖం పోయింది. వీళ్ళందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలీదు. మావారిని అడిగాను. ఆయన అన్నంలో పప్పు కలుపుకుంటూ, "గట్టన్నాక ఎక్కడో చోట వీకుంటాది" అన్నారు. ఎక్కడంటే, "ఎక్కడో" అన్నారు. ఆ మనిషికి అబద్ధమాడటం రాదు. అబద్ధం అవసరమైనప్పుడల్లా ముద్ద పెద్దది చేస్తారు. ఆ రోజు ముద్ద గొంతుకి అడ్డం పడింది.

పోనీ నేనే కనిపెడదామని గట్టు మీద నడిచేవాళ్ళని గమనించడం మొదలెట్టాను. పెదమావయ్యగారు పొద్దున్నే గట్టు మీద నడకకి వెళ్ళి, తన తోట పక్క తూము దగ్గర ఆగి, కర్రతో పొడిచి చూసేవారు. ఒకరోజు కాదు, రోజూ. ఇంకేముంది, ఆయన తోట దగ్గరే అని తీర్మానించుకున్నాను. అందుకా ఈ దాపరికం! ఆయన పరువు కోసం ఊరంతా నోరు మూసుకున్నారన్నమాట. నిజం చెప్పాలంటే కాస్త హాయిగా కూడా అనిపించింది. గండి పడితే ముందు మునిగేది ఆయన సావిడే గదా. మా ఇల్లు అక్కడికి చాలా దూరం. పిల్లల మంచాలు గట్టు వైపు గదిలో వేసుకుని నిశ్చింతగా ఉన్నాను. ఆ గదికి గాలి బాగా వస్తుంది.

కొన్నేళ్ళు గడిచాక ఒక శ్రావణమాసంలో పెద్ద వరదొచ్చింది. మూడో హెచ్చరిక అని పొద్దున్నే రేడియోలో చెప్పారు. మావారు గట్టు మీంచి తడిసిపోయి వచ్చి, పిల్లల్ని తీసుకుని అమలాపురంలో మా వదినగారింటికి వెళ్ళిపొమ్మన్నారు.

"ఊళ్ళో ఎవరెవరు వెళ్తున్నారు?"

"వాళ్ళ సంగతి మనకెందుకు? నువ్వు బయల్దేరు."

పక్కింటివాళ్ళు వెళ్ళడం లేదు. ఎదురింటివాళ్ళు దొడ్లో కట్టెలు సర్దుకుంటున్నారు. ఇంతమందిలో నన్నే ఎందుకు పంపేస్తున్నారు? ఇన్నాళ్ళూ గట్టెక్కనివ్వలేదు, ఇప్పుడు ఊళ్ళోనే ఉండనివ్వరన్నమాట. వరదొచ్చిందని అవతలి ఒడ్డు మనిషిని ఊరు దాటిస్తున్నారని నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను కదలను. నా వల్ల మీ గట్టుకేమైనా అవుతుందని భయమైతే నన్ను స్తంభానికి కట్టేసుకోండి," అన్నాను. ఆయన తల పట్టుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం వంటింట్లో ఉండగా పెరట్లో అలికిడయింది. వెళ్ళి చూస్తే ఊళ్ళో మగవాళ్ళంతా మా పశువుల పాక వెనక ఉన్నారు. ఇసక బస్తాలు మోసుకొస్తున్నారు, గడ్డిమోపులు తెస్తున్నారు. గట్టు మొదట్లో, నేను రోజూ పిడకలు కొట్టే చోట, నేల ఉడుకుతున్న అన్నంలా బుడగలు వేస్తోంది. నీళ్ళు తేటగా వస్తే భయం లేదంటారు. అవి చిక్కటి బురదగా వస్తున్నాయి. గట్టు లోపల్నుంచి కరిగిపోతోందన్నమాట. ఆ పాకకీ మా పిల్లలు పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

నన్ను నిర్ఘాంతపరిచింది ఆ బుడగలు కాదు. వచ్చినవాళ్ళలో ఒక్కరూ వెతుక్కోలేదు, ఎక్కడని అడగలేదు. ఆ చోటు అందరికీ తెలుసు. అందరూ చీకట్లో తమ ఇంటి గడప దాటినంత అలవాటుగా తిన్నగా అక్కడికే వచ్చారు.

అత్తయ్యగారు పాక గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"అత్తయ్యగారూ, ఇది మీకు ముందే తెలుసాండి?"

"మీ మావగారున్నప్పట్నుంచీ ఉన్నదేనమ్మా. పెద్ద వరదొస్తేనే ఊరుతాది."

"మరి నాకెందుకు చెప్పలేదండి?"

"మీ నాన్నగారితో అంటావేమోననమ్మా," అన్నారావిడ.

"అంటే ఏమవుతుందండి? మా నాన్నగారు పడవేసుకొచ్చి, నేనూ నా పిల్లలూ పడుకున్న ఇంటి మీదికే గట్టు తెగ్గొడతారా అత్తయ్యగారూ?"

అరిచానేమో, బస్తాలు మోస్తున్నవాళ్ళంతా ఆగిపోయారు. ఇన్నేళ్ళలో అత్తయ్యగారికి ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదని ఆవిడ మొహం చూస్తే తెలిసింది. ఆవిడకే కాదు, అక్కడున్న ఎవరికీ రాలేదు. పెదమావయ్యగారు కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. మావారు నా వైపు చూడలేక బస్తా దింపి ఇంకో బస్తాకి వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది, వాళ్ళందర్నీ ఉతికి ఆరెయ్యాలన్నంత కోపమూ వచ్చింది. పొద్దున్న ఆయన నన్ను అమలాపురం ఎందుకు వెళ్ళమన్నారో అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కోపం ఇంకా పెరిగింది. ఎందుకో చెప్పి పంపిస్తే నేను వెళ్ళకపోదునా?

పిల్లల్ని అత్తయ్యగారికి అప్పజెప్పి అమలాపురం పంపించేసి నేను ఉండిపోయాను. కొంగు బిగించి గడ్డిమోపులు మోశాను, బస్తాలకి ఇసకెత్తాను, గట్టు మీదికీ ఎక్కాను. పాకుడు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊట చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చుకుంటూ పోతే పొద్దు వాలేసరికి నీళ్ళు తేటబడ్డాయి. గట్టు నిలిచింది. అవతలి ఒడ్డున మా నాన్నగారి గట్టు కూడా నిలిచింది. గునపం పట్టుకుని ఎటునుంచి ఎటూ ఎవరూ రాలేదు.

పడవలు మళ్ళీ తిరగడం మొదలెట్టగానే పుట్టింటికి వెళ్ళాను. నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయనతో గట్టు కాపలా కాసిన నాలుగిళ్ళవాళ్ళూ ఉన్నారు. నేను కాళ్ళు కడుక్కుని కూర్చుని, మా గట్టుకి ఊట పడిందనీ, ఆ సంగతి ఇన్నేళ్ళూ నా దగ్గర దాచారనీ చెప్పాను. చెప్తుంటే కోపం పోయి నవ్వొచ్చింది. మీరు గునపం భుజానేసుకుని నా ఇంటి మీదికి గోదారిని వదుల్తారని మా అత్తయ్యగారి అనుమానం నాన్నగారూ అంటే, ఆయన దగ్గొచ్చేలా నవ్వారు. అరుగంతా నవ్వింది. వంటింట్లోంచి అమ్మ నవ్వు కూడా వినపడింది.

నాన్నగారు కండువాతో కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ అదెక్కడమ్మా? మీ ఇంటికి ఎగువనా, దిగువనా?" అన్నారు.

కూతురు కాపురముంటున్న చోటు గురించి తండ్రి అడిగిన మాట అది. అంతకుమించి ఇంకేమీ లేదని నాకు అప్పుడూ తెలుసు. కానీ అరుగు మీద మిగతావాళ్ళు నవ్వు ఆపేశారు. నేను చెప్పేది వినడానికి కాస్త ముందుకి వంగారు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్న మనుషులే వాళ్ళంతా. ఒక్కొక్క మొహమూ చూశాను. ఆ చూపు ఎవరిదో నాకు బాగా తెలుసు, స్కూలు ఆవరణలో ఎర్ర పొట్లాన్ని చేతులు మార్చినవాళ్ళది.

"నాకు తెలీదు నాన్నగారూ," అన్నాను. "మావాళ్ళు నాకు చెప్పరు గదా."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. ఇంకేమీ అడగలేదు. వరదకి చేపలు బాగా పడుతున్నాయని మాట మార్చారు.

తిరిగి వచ్చేటప్పుడు నా సంచీ పట్టుకుని రేవుదాకా దిగారు. నేను పడవలో కాలు పెడుతుంటే చెయ్యందించి, మెల్లిగా, "ఎక్కడైతే ఏంలేగానీ, పిల్లల్ని గట్టు వైపు గదిలో పడుకోబెట్టకమ్మా" అన్నారు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పడవలో మా ఊరివాళ్ళు ఇద్దరు అప్పటికే కూర్చుని మా వైపే చూస్తున్నారు. "అలాగే నాన్నగారూ" అని ఎక్కి కూర్చున్నాను.